పెద్దాయన గరాజులో సీసం కరిగిన సాయంత్రాలు

పోయిన ఎండాకాలం ఒక పాత పంపు బేరింగుకి వైట్‌మెటల్ పోయించడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డు వెనకాల కుర్రాడు బర్నర్ మీద ఇనప మూకుడు పెట్టి లోహం కరిగిస్తున్నాడు. పైన తెట్టు కట్టగానే చిన్న కొవ్వొత్తి ముక్క అందులో పడేసి గరిటెతో అడుగుదాకా కలిపాడు. భగ్గుమని మంట లేచి ఆరిపోయింది. ముందు మైనం పొగ, ఆ వెనకే కాగిన లోహం వాసన. "సార్, మీరు లోపల ఫ్యాన్ కింద కూర్చోండి" అన్నాడు ఓనరు. నేను కదల్లేదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేసిన రోజుల్లో, చలికాలం ముందు వచ్చే శనివారాల్లో, మా పెద్దాయన గరాజు నిండా ఉండేది ఆ వాసనే.

పెద్దాయన అని ఇక్కడ రాస్తున్నాను గానీ అక్కడ అందరం ఆయన్ని పేరు పెట్టే పిలిచేవాళ్ళం. నాకది చాలాకాలం ఇబ్బందిగానే ఉండేది. మా నాన్నకంటే పెద్దవాడు. ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ఆయన చెయ్యి పడని డై లేదు. నేను క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరినవాణ్ణి. కొలతలంటే ఆయనకి ఎంత పట్టింపో నాకూ అంతే, మా స్నేహం అక్కణ్ణుంచే మొదలైంది. ఒకరోజు లంచ్ టైములో జేబులోంచి బొటనవేలంత సీసం ముద్ద ఒకటి తీసి నా గ్రానైట్ టేబుల్ మీద పెట్టాడు. "దీన్ని మూడుచోట్ల కొలిచి చెప్తావా? నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమోనని అనుమానం" అన్నాడు.

ఒక పక్క గుండ్రంగా, రెండో పక్క లోపలికి బోలుగా ఉంది. అదేమిటని అడిగాను. షాట్‌గన్ స్లగ్ అన్నాడు.

*

మన ఊళ్ళలో పన్నెండు బోరు తుపాకి అంటే తోటాలో చిన్న చిన్న గుళ్ళు నింపి కాల్చేదే చాలామందికి గుర్తొస్తుంది. పన్నెండు అనే ఆ అంకె కూడా సీసం లెక్కే. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం లోపలి కొలత అంత. అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. గుళ్ళకి బదులు గొట్టానికి సరిపడా ఒకే పెద్ద సీసం గుండు పెడితే దాన్ని స్లగ్ అంటారు.

రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి, అవి తూటాని గిరగిరా తిప్పి నిలకడగా పంపిస్తాయి. పాత షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దాంట్లోంచి వెళ్ళిన గుండు గాల్లో పిల్లిమొగ్గలు వెయ్యకుండా ఉండాలంటే బరువంతా ముందుకి ఉండాలి. బ్యాడ్మింటన్ కాక్ మూతి ముందుకి తిరిగి వెళ్ళినట్టే ఇదీను. జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకె 1898లో గట్టి సీసం గుండు వెనకాల ఒత్తుడు బిళ్ళ బిగించి ఈ పని సాధించాడు. అమెరికాలో కార్ల్ ఫాస్టర్ 1931లో గుండు వెనకభాగాన్ని బోలుగా చేసి ఇంకా తేలిక దారి కనిపెట్టాడు. మా పెద్దాయన పోసేది ఆ ఫాస్టర్ రకమే. డబ్బుల్లేని మాంద్యం రోజుల్లో, ఇంట్లో ఉన్న షాట్‌గన్‌తోనే జింకని కొట్టుకోవడానికి పనికొచ్చిన గుండు ఇది అని ఆయన చాలా గౌరవంగా చెప్పేవాడు. ఆయన తండ్రి అలా బతికినవాడే.

ఇంతకీ స్లగ్ ఎందుకు, రైఫిల్ వాడొచ్చు కదా అని అడిగాను. మా వైపు పడమటి ఒహాయో అంతా చదునైన నేల. మొక్కజొన్న కోశాక చూస్తే మైలు దూరంలో పక్కవాళ్ళ గాదె కనిపిస్తుంది. రైఫిల్ తూటా గురి తప్పితే ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. అందుకే జింకల వేటకి అక్కడ అప్పట్లో మామూలు రైఫిల్ పనికిరాదు, షాట్‌గన్నే, అందులో మూడు తోటాలకి మించకూడదు. ఇలాంటి చదును రాష్ట్రాలు ఇంకా కొన్ని ఉండేవి, ఇండియానా, ఇల్లినాయ్, అయోవా. లావుగా, బరువుగా ఉండే స్లగ్ వేగం తొందరగా చచ్చిపోతుంది. గొట్టం దాటేటప్పుడు సెకనుకి 1,500 అడుగుల వేగంతో బయల్దేరింది, వంద గజాలు వెళ్ళేసరికి 1,000 అడుగుల దరిదాపుల్లోకి వస్తుంది.

*

నేను ఒక్కసారి కూడా కాల్చలేదు. వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తోటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్ప. మినహాయింపుల జోలికి పోదలుచుకోలేదు. ఆ మాట చెప్తే ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "అయితే పుస్తకం నీది" అన్నాడు. ఆకుపచ్చ అట్ట నోటు పుస్తకం, ఒక పెన్సిలు, నా వెర్నియర్. ఆ రోజునుంచి నేను ఆయన లెక్కల గుమాస్తాని, ఆ పని నాకు చాలా ఇష్టంగా ఉండేది.

సీసం ఎక్కణ్ణుంచి వచ్చేదో చెప్పాలి. కారు చక్రాలు బ్యాలెన్స్ చెయ్యడానికి రిమ్ముకి తగిలించే చిన్న బరువులుంటాయి కదా, పాతవి సీసంవే. ఊరి టైర్ల షాపువాడు బకెట్టు నిండగానే ఫోన్ చేసేవాడు. ఆ బకెట్టులో సిగరెట్ పీకలు, వాల్వు మూతలు, మట్టి, అన్నీ ఉండేవి. రానురాను ఇనపవి, జింకువి ఎక్కువ కలుస్తూ వచ్చాయి. ఇనపది అయస్కాంతానికి దొరికిపోతుంది. జింకుతోనే తంటా. కొంచెం జింకు కలిసినా కరిగిన సీసం ముద్దముద్దగా అయిపోయి అచ్చులోకి సరిగా దిగదు, ఆ కుండెడూ పాడే. పెద్దాయన కటింగ్ ప్లయర్ పుచ్చుకుని ఒక్కోదాన్నీ కొరికి చూసేవాడు. సీసమైతే దవడ మెత్తగా దిగుతుంది, జింకైతే జారుతుంది. అప్పటికీ ఏదన్నా కన్నుగప్పిపోతే వేడి దగ్గర పట్టుబడేది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 419 దాకా కరగదు. మంట ఆ మధ్యలో ఉంచితే జింకు ముక్క కరక్కుండా పైకి తేలుతుంది, గరిటెతో తీసి పారెయ్యొచ్చు.

చక్రాల బరువుల్లో ఆంటిమొని అనే మూలకం కలుస్తుంది కాబట్టి అవి గట్టిగా ఉంటాయి. పాత ఇళ్ళ పైపుల సీసం మెత్తన. ఏది ఎంత మెత్తనో తేల్చడానికి ఆయన దగ్గర బొమ్మలు వేసేవాళ్ళ పెన్సిళ్ళ సెట్టు ఉండేది, 6బి నుంచి హెచ్‌బి దాకా. పెన్సిలు మొన చదునుగా అరగదీసి సీసం మీద నెట్టేవాడు. ఏ పెన్సిలు దగ్గర గీత పడటం మొదలవుతుందో అదే ఆ సీసం గట్టిదనం. లక్షల ఖరీదు చేసే హార్డ్‌నెస్ టెస్టర్ దగ్గర పగలంతా పనిచేసి వచ్చిన నాకు, సాయంత్రం నాలుగు పెన్సిళ్ళతో అదే పని జరగడం చూస్తుంటే ఎంతో సంతోషంగా ఉండేది.

*

పోత పనికి గరాజు తలుపు సగం పైకెత్తి, మూలన ఫ్యాను పెట్టేవాడు. నియమాలు నాలుగైదు ఉండేవి, అవి చర్చకి రావు. లోపల తినడం, తాగడం లేదు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఇంట్లోకి అడుగుపెట్టడం లేదు. ఆ బూట్లు గరాజు దాటవు. మనవలు వచ్చిన రోజు పొయ్యి వెలగదు, ఎందుకంటే సీసం పిల్లల మెదడుకి చేసే చెరుపు ఆయనకి తెలుసు. అన్నిటికంటే పెద్ద నియమం నీళ్ళ గురించి. కరిగిన సీసంలోకి తడి ఇంత దిగినా నీరు ఒక్కసారిగా ఆవిరై కుండలోదంతా పైకి చిమ్ముతుంది. అందుకే కొత్త దిమ్మ వెయ్యాలన్నా ముందు కుండ అంచున పెట్టి ఆరబెట్టేవాడు. నుదుటి మీద చెమటని కుండవైపు తిరక్కుండా భుజానికి తుడుచుకోవడం ఆయనకి అలవాటు. ఆ కదలిక నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

మొదట పోసినవన్నీ ముడతలతో వచ్చేవి. అచ్చు ఇంకా వేడెక్కలేదని అర్థం. వాటిని తిరిగి కుండలో వేసేవాడు. అచ్చు వేడి అందుకున్నాక గుండ్లు నిగనిగలాడుతూ వచ్చేవి. వేడి మరీ ఎక్కువైతే మంచు పట్టినట్టు తెల్లబారేవి. పోసిన సీసం గడ్డకట్టే క్షణం పైనే తెలుస్తుంది. అచ్చు పైపలకలో మిగిలిన బొట్టు మెరుపు పోయి మధ్యలో చిన్న గుంట పడుతుంది. అప్పుడు చెక్కసుత్తితో పలకని ఒక్కటి తట్టాలి. ఠక్. అచ్చు తెరుచుకోవడం, దుప్పటి మడత మీద స్లగ్ పడటం, మళ్ళీ మూత. ఆ వరస కుదిరాక ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. రేడియోలో బాస్కెట్‌బాల్ కామెంటరీ తన మానాన తను నడిచేది.

నాకు సీసం కొత్త కాదు. మాది కొల్లేరు పక్క ఊరు. వల బాగుచేసే రోజుల్లో మా వీధి చివర వాళ్ళు కొబ్బరి చిప్పల మంట మీద సీసం కరిగించి వల గుండ్లు పోసుకునేవారు. చిన్నప్పుడు చుట్టూ మూగి చూసేవాళ్ళం, "దూరం పొండ్రా" అని కసిరేవాళ్ళు. వాళ్ళు చేతిలో వేసుకుని ఎగరేసి బరువు చూసేవారు, అందులో వాళ్ళకి తేడా రాదు. ఈ సంగతి చెప్తే పెద్దాయన కుండ కింద మంట తగ్గించి మరీ కూర్చుని విన్నాడు. విసురువల ఎలా విప్పుకుంటుంది, గుండ్లు అంచు పొడుగునా ఎంతెంత దూరంలో కడతారు, నీళ్ళలో ఏది ముందు మునుగుతుంది, అన్నీ అడిగాడు. కాగితం మీద వల బొమ్మ గీయించుకుని గరాజు గోడకి పిన్ను గుచ్చాడు. నేను ఆ ఊరు వదిలేదాకా అది అక్కడే ఉంది.

*

చల్లారిన స్లగ్గులని మర్నాడు తూచేవాళ్ళం. ఔన్సు అచ్చు, అంటే 437.5 గ్రెయిన్లు (దాదాపు 28 గ్రాములు) రావాలి. సీసం మిశ్రమాన్నిబట్టి ఆ అంకె కాస్త అటూ ఇటూ జరుగుతుంది, దాంతో పేచీ లేదు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండకూడదు, అంతే. తూకం తగ్గిందంటే లోపల ఎక్కడో గాలి బుడగ ఉన్నట్టు. చూడ్డానికి దివ్యంగా ఉన్న గుండుని త్రాసు పట్టిచ్చినప్పుడల్లా ఆయన నాకేసి చూసి తల ఊపేవాడు.

తోటాలు నింపేటప్పుడు మాత్రం నన్ను కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు. బల్ల మీద ఒకే డబ్బా తుపాకి మందు, ఒకే పుస్తకం, తెరిచిన ఒకే పేజీ. అచ్చయిన లోడ్ల పుస్తకంలో ఏ డొప్పకి ఏ మందు, ఏ బిళ్ళ రాసి ఉందో అదే, సొంత తెలివి ఒక్క గ్రెయిన్ కూడా కలవకూడదు. ప్రయోగం అంతా సీసంలో, అచ్చులో, గుండు కింద పెట్టే ఒత్తుడు బిళ్ళల్లో. మందు దగ్గర ప్రయోగం లేదు. టూల్‌రూమ్‌లో వేలు పోగొట్టుకున్నవాళ్ళని ఆయన చూశాడు, వాళ్ళంతా తెలివైనవాళ్ళేనని చెప్పేవాడు. చివర డ్రిల్లింగ్ మెషీన్‌కి తగిలించిన చిన్న పనిముట్టుతో తోటా అంచు లోపలికి గుండ్రంగా మడతపడేది. ప్లాస్టిక్ వేడెక్కిన సన్నటి వాసన వచ్చేది.

*

పరీక్షలకి ఆయన బావమరిది పొలం. వెనకాల కంకర తవ్విన గొయ్యి, దాని అవతల రెండు నిలువుల మట్టికట్ట. మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్ళేవాళ్ళం, ఎందుకంటే వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద నుంచి గుండు నీడ దాటాలి. ఎండ పొడిగా పడితే అది తికమక పడుతుంది. దానికున్న రెండు సెన్సర్ కళ్ళ మధ్య గుండుకి పట్టిన సమయాన్నిబట్టి అది వేగం చెప్తుంది, నేను రాసుకుంటాను.

స్లగ్ తోటా ఎదురుతన్ను తక్కువేమీ కాదు. బల్ల మీద ఆనించి కాల్చేటప్పుడు భుజానికీ తుపాకి మడమకీ మధ్య ఇసక సంచి పెట్టుకునేవాడు. చెవులకి మఫ్‌లు ఉన్నా ఆ చప్పుడు నా పక్కటెముకల్లో తెలిసేది. తర్వాత మట్టికట్టలో సీసం దిగిన మొద్దు శబ్దం, దూరంగా గోధుమ చేలో కాకులు లేచిన గోల. ఒక్కో వరస అయ్యాక తుపాకి తెరిచి, ఖాళీ అని నాకు చూపించి, బల్ల మీద పెట్టాకనే ఇద్దరం కాగితం దగ్గరికి నడిచేవాళ్ళం.

ఆ నడక అంటే నాకు టెన్షన్. చిల్లు గుండ్రంగా ఉంటే గుండు మూతి ముందుకి వెళ్ళినట్టు. కోలగా, తాళం కప్ప కన్నంగా ఉంటే గాల్లో అడ్డం తిరిగిందన్నమాట. ఒక శీతాకాలం ముందంతా 50 గజాల దగ్గర కోల చిల్లులే. బోలు వెనకభాగం గోడలు పల్చగా ఉండి మందు ఒత్తిడికి వంకరపోతున్నాయని ఆయన అనుమానం. నిజమా కాదా తేల్చాలంటే కాల్చిన గుండు చెక్కుచెదరకుండా దొరకాలి. తడిపిన న్యూస్‌పేపర్ల దొంతరలు పెట్టి కాల్చాడు. గరాజుకి తెచ్చి పేజీలు ఒక్కోటీ విప్పుతూ, లోపల ఇరుక్కున్న సీసాన్ని బయటికి తీశాం. అడుగు అంచు ఒక పక్కకి చీలి, ముందరి భాగం పుట్టగొడుగై ఉంది. నేను వెర్నియర్ పెట్టి గోడ మందం కొలిచాను. ఒక పక్కకీ ఇంకో పక్కకీ తేడా ఉంది. అంటే అచ్చులో బోలు చేసే ముక్క నడిమధ్యలో కూర్చోవడం లేదు. సోమవారం పని అయ్యాక టూల్‌రూమ్‌లో ఆ ముక్కకి కొత్త ఆనుడు తిప్పాడు. తర్వాత వారం 50 గజాల దగ్గర పడ్డ చిల్లులన్నీ గుండ్రంగా, అరచేతి వెడల్పులో. చలికి వేళ్ళు వంగకపోతున్నా ఆ పేజీ అందంగా రాశాను.

పాల డబ్బాల పరీక్ష మనవల కోసం. గాలన్ ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళు నింపి వరసగా పెడితే మొదటిది ఆకాశానికి లేచి చీలిపోతుంది. పిల్లలు కేరింతలు కొట్టేవాళ్ళు. ఆయన నవ్వుతూనే, గుండు ఎన్నో డబ్బాలో ఆగిందో నన్ను రాసుకోమనేవాడు.

*

ఇంత కొలతల వెనక ఆయన వెతుకుతున్నది ఒకే అంకె. తన తుపాకి, తన గుండు, తన కళ్ళు కలిసి ఎంత దూరం దాకా నమ్మదగినవి. 75 గజాల దగ్గర చిల్లులు ప్లేటు దాటి పరుచుకునేవి. అందుకని తన హద్దు 60 గజాలు అని పుస్తకం మొదటి పేజీలో నాచేత పెద్దగా రాయించాడు. గాయపడి పొదల్లోకి పోయి మూడు రోజులకి చచ్చే జింకని ఆయన కుర్రతనంలో చూశాడు. దాని గురించి ఒకే ఒక్కసారి చెప్పాడు.

నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాత సోమవారం వేట సీజన్ మొదలవుతుంది. ఆ రోజు మా ఫ్యాక్టరీలో సగం మెషీన్లు ఆగిపోయేవి, చుట్టుపక్కల కొన్ని బడులకి సెలవు కూడా. ఒక ఏడాది నేనూ నారింజ రంగు కోటు వేసుకుని ఖాళీ చేతులతో ఆయన పక్కన కూర్చున్నాను. తెల్లారుతూ ఉండగా చెట్ల వరస అంచుకి ఒక పెద్ద మగజింక వచ్చింది. అంత కొమ్ములు నేను బొమ్మల్లో తప్ప చూడలేదు. ఆయన తుపాకి భుజానికెత్తాడు. చాలాసేపు అలాగే చూశాడు. మధ్యలో ఆయన ముందే లెక్కపెట్టి ఉంచుకున్న కంచె గుంజ ఉంది. జింక దాని అవతల ఉంది. తుపాకి దించి, ఫ్లాస్కులో కాఫీ మూతలోకి వంచి నాకిచ్చాడు. అది మేస్తూ మేస్తూ మెల్లగా వెళ్ళిపోయింది. ఆ ఏడు చివర్లో గుంజకి ఇవతల ఒక ఆడజింక దొరికింది, ఒక్క తోటాతో.

వాళ్ళ రాష్ట్రంలో ఒకప్పుడు జింకే లేదట. 1904 నాటికి పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే, మళ్ళీ పెంచుకుని, 1943లో కొన్ని జిల్లాల్లో మాత్రం వేట తెరిచారు. ఆయన తండ్రి తరం వాళ్ళకి జింక కాలిముద్ర కనిపించడమే వార్త. మన దేశంలో 1972 చట్టం తర్వాత జింకని వేటాడటం నేరం అని తెలిసి పెరిగినవాణ్ణి కనుక, మొదటిసారి ఆయన కాగితంలో చుట్టి మాంసం ఇచ్చినప్పుడు చేతులు ముందుకి రాలేదు. మా ఆవిడ తీసుకుంది. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గసగసాలు వేసి సన్నసెగ మీద మధ్యాహ్నమంతా ఉడికించింది. కొవ్వు లేని మాంసం, తొందరపడితే నారలు నారలవుతుంది. పెద్దాయన, వాళ్ళావిడ వచ్చి తిని, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఇంకోసారి వడ్డించుకున్నారు.

*

తర్వాత నేను వేరే రాష్ట్రానికి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చేశాను. 2014లో ఒహాయోలో మెడ సన్నబడని, తిన్నటి గోడల తోటాలు కాల్చే కొన్ని రకాల రైఫిళ్ళకి కూడా జింకల సీజన్‌లో అనుమతి ఇచ్చారు. గురి, దూరం, అన్నీ మెరుగే. షాట్‌గన్ స్లగ్గులు పోసుకోవాల్సిన పని చాలామందికి తీరిపోయింది. ఆయన మాత్రం తన పాత తుపాకితోనే అడవికి వెళ్ళేవాడని వాళ్ళమ్మాయి చెప్పింది. ఆయన పోయిన కబురు చెప్పడానికి ఫోన్ చేసింది కూడా ఆ అమ్మాయే. అచ్చులు, త్రాసు, ఆకుపచ్చ పుస్తకాలు ఏం చెయ్యమంటారని నన్ను అడిగింది. నీళ్ళ డబ్బాలు పేలుతుంటే చప్పట్లు కొట్టిన పిల్లల్లో పెద్దవాడికి ఇవ్వమన్నాను.

వాడిప్పుడు ముప్పై దాటినవాడు, వెల్డింగ్ పనిలో ఉన్నాడు. ఆటోనగర్ నుంచి వచ్చిన రాత్రి వాడికి మెసేజ్ పెట్టాను. నా చేతి రాతే ఉన్న పుస్తకంలో మిగిలిన పేజీల్లో తనూ రాస్తున్నాడట. మొన్న ఒక కాగితం ఫోటో పంపాడు, 50 గజాల దగ్గర మూడు చిల్లులు, మూడూ గుండ్రం. "ఇవి ఎలా ఉన్నాయి?" అని అడిగాడు. ఫోటోలో ఏం తెలుస్తుంది, మధ్యనుంచి మధ్యకి వెర్నియర్‌తో కొలిచి అంకె పంపు, మూడు గుండ్ల తూకాలు కూడా పంపు అన్నాను.